పదకొండో ప్రశ్నకు సన్నమ్మ జవాబు

శుక్రవారం, అరకు. సాయంత్రం నుంచే మంచు.

దూరవిద్య డిగ్రీలో సంత మీద ప్రాజెక్టు. ఈ రోజు నాలుగో రైతుగా సన్నమ్మను అడిగాను. ఇరవై ఏళ్లుగా మన కొట్టుకు చోళ్లు, అదే రాగులు, పోస్తున్న మనిషి. నలభై ఆరేళ్లకు చదువుతున్నానంటే నవ్వింది.

"ఏటమ్మా, ఇప్పుడు సదివి కలెక్టరమ్మవైపోతావా?"

పదకొండో ప్రశ్న కొలత గురించి.

"రాసుకో అమ్మా. మా దగ్గర కొన్నప్పుడు కుంచం మీద గోపురం కట్టించుకుంటారు. మాకు అమ్మినప్పుడు సేత్తో గీసేత్తారు. కుంచం మీదే, సెయ్యీ మీదే." కోపంగా కాదు, నవ్వుతూనే అంది.

మధ్యాహ్నం ఆయన ఆ కాగితం చూశారు.

"ఏటే, ఇది సదువా, మన కొట్టు మీద పిటిషనా? ఆ ముక్క తీసెయ్. అందరూ అలాగే కొలుత్తారు."

"అందరినీ నేను అడగలేదు, సన్నమ్మని అడిగాను" అన్నాను. అన్నం సగంలో వదిలి లేచిపోయారు.

ఆయన్ని అనడానికి నాకేం హక్కుంది? చిట్టా రాసేది నేనే. పది కుంచాలు కొన్నచోట పదకొండు అమ్ముడవుతుంటే, ప్రతి నెలా 'మిగులు' అని వేసి కింద గీత గీశాను. ఎక్కడి నుంచి మిగిలిందన్న ప్రశ్న కాలేజీవాళ్లు అచ్చువేసి ఇస్తే గాని నాకు తోచలేదు.

ఆ జవాబు తీసేస్తే ప్రాజెక్టులో ఇంకేం ఉంటుంది? ఉంచితే ఈ ఇంట్లో పరీక్షల దాకా నా చదువు సాగుతుందో లేదో...

ఫెయిర్ కాపీలో సన్నమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాను. వచ్చే సంతకు కుంచం నేను పట్టుకుంటాను. ఆ మాట ఆయనతో ఇంకా అనలేదు.