నలభై మూడో అభ్యంతరం

కాశీబుగ్గ,
ఆదివారం

నేస్తమా,

మన రెండిళ్ళ మధ్య నాలుగు గుమ్మాల దూరం. అయినా ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. నేస్తం కట్టుకున్నవాళ్ళు ఎదురెదురుగా నిలబడి మాట అనుకోకూడదని, అనుకుంటే నేస్తరికం అక్కడితో తెగినట్టేనని మన పెద్దవాళ్ళు చెప్పారు కదా. బారువలో సముద్ర స్నానం చేసి చీరలు మార్చుకున్న రోజు నుంచి ఈ నలభై రెండేళ్ళలో నిన్ను నేను ఒక్క మాట అనలేదు. ఇవాళ అనాలి. అందుకే కాగితం అందుకున్నాను.

నిన్న మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాను. మా ఖాళీ స్థలం సంగతి నీకు తెలిసిందే. ఎప్పుడో ప్లానులో దాన్ని వాణిజ్య స్థలమని రాశారు. ఇన్నేళ్ళలో అక్కడికి వచ్చిన వాణిజ్యం ఏమిటంటే తుమ్మ ముళ్ళు, ఎవరెవరో పారబోసిన జీడి తొక్కు, పందులు. దాన్ని నివాస స్థలంగా మార్చండి, కాలేజీ ఆడపిల్లలకు గదులు కట్టిస్తానని దరఖాస్తు పెట్టాను. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పమని వాళ్ళు ప్రకటన ఇచ్చారు. నలభై మూడు వచ్చాయి. ప్లానింగు ఆఫీసరు నిరంజన్ గారు ఆ కట్ట నా ముందు పెట్టి, శుక్రవారం విచారణలో ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాలన్నారు.

చదివాను. నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. నలభై రెండు కాగితాలూ ఒకటే జెరాక్సు. పోయిన ఏడు వీధి మొగలో బ్రాందీ షాపు వద్దని రాసిన అర్జీనే తీసి, బ్రాందీ షాపు అన్నచోట ‘విద్యార్థినుల వసతి’ అని దిద్ది, తక్కినదంతా అలాగే ఉంచేశారు. ఆ ప్రకారం నా గదుల్లో ఉండబోయే పిల్లలు పొద్దున్న పదింటికి తెరుచుకుంటారట. వాళ్ళవల్ల జనం తాగి రోడ్డు మీద పడిపోతారట. ఖాళీ సీసాలతో కాలువ పూడిపోతుందట. దాని కింద నలభై రెండు మంది పెద్దమనుషుల సంతకాలు. ఒక్కడైనా చదివితే ఒట్టు.

ఆ జెరాక్సు తీయించింది హరిబాబు. వార్డులో ఎవరు పుట్టినా ఎవరు పోయినా ఫ్లెక్సీ మీద వాడి ముఖం ఉండాల్సిందే. దారిలో కనబడితే నిలదీశాను, ఆడపిల్లలు సీసాలు పారేస్తారా అని. “సదవనేదు పిన్నీ, నాకేటి తెల్సు? కృష్ణారావు బావ రాయమన్నాడు, రాయించినాను” అన్నాడు పళ్ళికిలించి. ఇలాంటివాడి మాట మీద ఊరు నడుస్తోంది.

ఇక కృష్ణారావు. జీడిపప్పు వ్యాపారం, మెడలో గొలుసు, గుడి కమిటీలో కుర్చీ. మేడ మీద రేకుల షెడ్డు వేసి గదికి ఆరుగురు చొప్పున కాలేజీ మగపిల్లల్ని కుక్కాడు. అందరికీ కలిపి ఒక్క బాత్రూము. ఎండల్లో వాళ్ళు ఆ రేకుల కింద వేగుతుంటే ఈయన కింద ఏసీలో కూర్చుని వీధి పరువు గురించి ఉపన్యాసాలిస్తాడు. “ఆడపిల్లలొత్తే కుర్రోల్లు మూగుతారు వదినా. మన ఈది పరువేటవుద్ది?” అన్నాడు నాతో. మూగబోయే కుర్రాళ్ళను పోషిస్తున్నది తనే అన్న జ్ఞానం కూడా లేదు. రేపు నేను మగపిల్లలకు కూడా కడితే తన రేకుల షెడ్డులోకి ఎవరూ రారని అసలు భయం.

వీళ్ళను నేను మనుషుల్లో లెక్క వేయను. దోమలు కుడితే గోక్కుంటాం గానీ పగబట్టం కదా. నలభై మూడోది చూసేదాకా నాకు నిజంగా కోపం రాలేదు.

అది జెరాక్సు కాదు. రూళ్ళ కాగితం మీద చేతిరాత. ‘ఆడపిల్లలకు అక్కడ క్షేమం లేదు.’ అంతే. కింద కామాక్షి అని నీ సంతకం.

క్షేమం లేదా? ఎనిమిదడుగుల గోడ కట్టిస్తున్నాను. రోడ్డు వైపు ఒక్క కిటికీ పెట్టనివ్వలేదు. ఒకటే గేటు, సాయంత్రం ఆరింటికి తాళం, కింది గదిలో నేనే కాపలా. ఇంతకన్నా క్షేమం ఎక్కడుంటుందో చెప్పు. తిత్లీ తుఫానుకు మీ కొబ్బరి తోట నేలమట్టమైతే ఈ వీధిలో మీకు ఇల్లు చూసిపెట్టింది ఎవరు? అంతకు ఎన్నో ఏళ్ళ ముందే నీ నీలిమను రెండేళ్ళు ఇంట్లో పెట్టుకుని, మా యామినితో పాటు ఇంటర్ చదివించింది ఎవరు? అది పరీక్ష తప్పి, ఇవాళ పూండిలో జీడిపిక్కలు ఒలుచుకుంటోందంటే ఆ పాపం నాదా? పరీక్షల ముందు ఎవడితోనో మాటలు మొదలుపెట్టిన పిల్లకు చదువు ఎలా అబ్బుతుంది? ఇన్నాళ్ళూ నీ ముఖం చూసి ఈ మాట కడుపులో దాచుకున్నాను.

హరిబాబు చదవకుండా రాయించాడు. నువ్వు ఆలోచించి రాశావు. అందుకే వాళ్ళందరికన్నా నువ్వే నా కళ్ళకు తక్కువదానివిగా కనిపిస్తున్నావు. శుక్రవారంలోగా ఆ కాగితం వెనక్కి తీసుకో.

నీ నేస్తం,
రమణి


కాశీబుగ్గ,
బుధవారం

నేస్తానికి,

పోస్టులో వేస్తే శుక్రవారం దాటిపోతుందని మా అబ్బాయి త్రినాథ్ చేత పంపుతున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అంత కోపంలోనూ నీ చేతిరాత ముత్యాల్లాగే ఉంది. నాకు నీలా రాయడం రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నీ గదుల సంగతి విని ఈ వీధిలో అందరికన్నా సంబరపడింది నేనే. నీలిమ కూతురు ఈ ఏడు ఇంటర్ పాసయింది. డిగ్రీకి ఇక్కడికే రావాలి. మా ఇల్లు ఎంత ఇరుకో నీకు తెలుసు. ఎలాగో ఒక ఏడాది సర్దుకుంటే తర్వాత నీ దగ్గర గది దొరుకుతుందనుకున్నాను. నీలిమకు ఫోను చేసి, “మా నేస్తం గదులు కడతంది, పిల్లని అక్కడెడదాము” అన్నాను. అది వెంటనే ఫోను పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే పూండిలో రైలెక్కి వచ్చేసింది. ఇరవై ఏళ్ళుగా మీ గుమ్మం వైపు చూడని పిల్ల. పరీక్ష తప్పిన సిగ్గు అనుకునేదాన్ని.

“దాన్ని సదువు మానిపించి నా పక్కన పిక్కలకాడ కూకోబెడతాను గానీ, రమణి పెద్దమ్మ తాళం కిందకి పంపను” అంది. అప్పుడు చెప్పింది. ఫిజిక్స్ పరీక్ష రోజు పొద్దున్న నువ్వు దాన్ని మేడ మీది గదిలోకి పంపి, బయట గొళ్ళెం పెట్టి తాళం వేశావట. “పెద్దమ్మా, పరీచ్చ పెద్దమ్మా” అని చేతులు వాచేలా తలుపు బాదిందట. సాయంత్రం తలుపు తీసి, “ఎవడితోనో తిరుగుతున్నావని మీ అమ్మకు చెప్పకుండా ఉండాలంటే తప్పానని చెప్పుకో” అన్నావట. పదిహేడేళ్ళ పిల్ల నేస్తం, భయపడింది. తప్పిందని నేనూ నమ్మాను. మళ్ళీ రాయిద్దామంటే మా ఆయన, చదువు రాని పిల్లకెందుకని ఆ ఏడే పెళ్ళి చేసేశాడు. పరీక్ష తప్పిందని పెళ్ళయ్యేదాకా దాన్ని నేను అన్న మాటలు నాకిప్పుడు గుర్తొస్తున్నాయి. నిన్ను కాదు, ముందు నన్ను చెప్పుతో కొట్టాలి.

ఎవడైనా ఉన్నాడా అని అడిగితే “ఎవుడూ నేడమ్మా” అంది. నమ్మాను.

అయినా నీ తరఫున దానితో పోట్లాడాను. ఇంకా పోట్లాడుతూనే ఉన్నాను. “మా నేస్తం కోపిట్టిదే గాని అంత పాపం సెయ్యదు. ఆ రోజు పరీచ్చని దానికి తెలీదు, తెలిత్తే తలుపు తీసీసును” అన్నాను. నువ్వు తెలియక చేశావనే నా నమ్మకం.

కానీ సంతకం పెట్టాను. తెలియక వేసినా తాళం తాళమే. అంత ఎత్తు గోడ, కిటికీ లేని గదులు, తాళంచెవి నీ బొడ్డులో. లోపలున్న పిల్లకు నీ నుంచి కాపలా ఎవరు? కాగితం వెనక్కి తీసుకోను. ఏమీ అనుకోకు.

నీ నేస్తం,
కామాక్షి


కాశీబుగ్గ,
శనివారం

నేస్తమా,

నిన్న విచారణకు వెళ్ళాను. నలభై రెండు కాగితాలకు జవాబు చెప్పడానికి అరగంట కూడా పట్టలేదు. నిరంజన్ గారు ఆ అర్జీని హరిబాబు చేతనే పైకి చదివించారు. పదింటికి తెరుచుకుంటారన్న దగ్గర వాడు కాగితం తిరగేసి చూసుకున్నాడు. కృష్ణారావు ఫోను వచ్చినట్టు నటించి బయటకు జారుకున్నాడు. గది గదంతా నవ్వింది. ఈ ముచ్చట చూడాలని వారం రోజులు కాచుక్కూర్చున్నదాన్ని, నాకు నవ్వు రాలేదు.

“నలభై మూడోదానికి మీ జవాబేంటమ్మా?” అన్నారు. గోడ, గేటు, తాళం అన్నీ రాసుకున్న కాగితం నా సంచిలోనే ఉంది. తీయలేదు. “అది నిజమండి, రాసుకోండి” అన్నాను. ఆయన నాకు అర్థం కాలేదనుకున్నారు. “ఇది మీకు వ్యతిరేకంగా ఇచ్చిందమ్మా.” తెలుసన్నాను. ఆ కాగితం అడిగి తీసుకుని, నీ సంతకం కింద నా సంతకం పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ పిల్లలకు గదులు కావాలి. ప్లాను మార్పించి రోడ్డు వైపు కిటికీలు పెట్టిస్తాను, గోడ తగ్గిస్తాను. గదుల అజమాయిషీ కాలేజీలో పనిచేసే ఆడ లెక్చరర్లు చూసుకుంటారని, నాకు అందులో ఏ అధికారమూ ఉండదని అక్కడే రాసిచ్చాను. అలాగైతే పైకి సిఫారసు చేస్తానన్నారు. నీ మనవరాలు ధైర్యంగా ఉండొచ్చు. నేను ఆ గేటు దాటి లోపలికి రాను.

ఇంకొకటి మిగిలింది. కృష్ణారావునూ హరిబాబునూ ఎంత హీనంగా రాశానో చూశావుగా. వాళ్ళు చదవకుండా సంతకాలు పెట్టిన మూర్ఖులు. నేను చదువుకున్నదాన్ని. ఆ ఏడు నీలిమ ఫిజిక్స్‌లో కాలేజీ ఫస్టు. మా యామిని తప్పేలా ఉంది. మా ఆయన భోజనం చేస్తూ, “కొబ్బరి తోటోల్ల పిల్ల సూడు, మన కూడు తిని మన పిల్లని దాటీసింది” అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను మాత్రం మన కూడు అన్న మాట పట్టుకుని వారం రోజులు కుళ్ళాను. ఎవడితోనో మాట్లాడిందన్నది నేను అల్లిన కథ. నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకుని చెప్పుకుని చివరికి నమ్మేశాను. మొన్న నిన్ను తిడుతూ రాసినప్పుడు కూడా నమ్మే రాశాను. ఇంతకన్నా నీచురాలు ఈ వీధిలో ఎక్కడుంది?

నీలిమతో ఇంక పోట్లాడకు. ఆ రోజు పొద్దున్న ఇద్దరికీ నేనే పెరుగన్నం పెట్టాను. యామినికి రెండు పెన్నులిచ్చి రిక్షా ఎక్కించాను. నీలిమ చేతిలో హాల్ టికెట్టు తీసుకుని తేదీ చూశాను, టైము చూశాను. మళ్ళీ దాని చేతిలోనే పెట్టి, మేడ మీద గొడుగుంది తెచ్చుకోమని పంపాను. పరీక్ష అని నాకు తెలుసు.

రమణి