ఎవరి డబ్బాకు ఎవరి మెసేజ్

3-11-98, మంగళవారం
పొద్దున్నే స్పోర్ట్స్ చానల్ నల్లబడింది. డిష్ తిప్పాను, వైర్లు మార్చాను, డెకోడర్ డబ్బా నెత్తిన రెండు మొట్టికాయలు వేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. హైవేకి అవతలి పక్క మెహమూద్ కేబుల్లో మాత్రం బొమ్మ అద్దంలా ఉందట. నా కస్టమర్లే వచ్చి మరీ చెప్పారు. ఇంకా అనుమానమెందుకు? వాడే ఏదో చేశాడు. నకిరేకల్ బజార్లో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను.

4-11
ఎస్టీడీ బూత్ నుంచి చానల్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. చానల్ తెరుచుకునేలా ఆథరైజేషన్ మెసేజ్ పంపుతాం, బాక్స్ ఆన్‌లోనే ఉంచండి అంది. పోస్టులోనా అన్నాను. నవ్వింది. శాటిలైట్ నుంచి నేరుగా డబ్బా అడ్రస్‌కే వస్తుందట. మసీదు వెనక సందు అని రాస్తే తప్ప నా ఉత్తరమే నాకు అందదు. డబ్బాకు అడ్రసేంటి, నా మొహం!

5-11
కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు కాగితం నా భార్య నిర్మల చదివింది. టెన్త్ పాసయింది కదా, దబాయిస్తుంది. హెడ్ఎండ్ అంటే డిష్ వైరూ డబ్బా ఉన్న మన రేకుల గదేనట. అడ్రస్ అంటే డబ్బా అడుగున అతికించిన నంబరట. మెసేజ్ అన్ని డబ్బాలకూ వస్తుందట, ఏ నంబరుకు రాస్తే ఆ డబ్బానే తీసుకుంటుందట. అందిందని తిరిగి చెప్పే నోరు డబ్బాకు లేదట. మరి అందిందో లేదో ఆఫీసుకెలా తెలుస్తుంది అన్నాను. తెలియదంది. అయితే ఎవరికి తెలుస్తుందో నాకర్థం కాలేదు.

6-11
డబ్బా కాలుతోందని అమ్మ స్విచ్ తీసేసింది. కథ మళ్లీ మొదటికొచ్చింది.

7-11, సాయంత్రం
మెసేజ్ ఇంకోసారి పంపారట. ఇక్కడ చీకటే. రేపు క్రికెట్. బొమ్మ రాకుంటె గా పక్క నుంచి వైరు గుంజుకుంటం అని వాడకట్టంతా ఒకటే మాట. కేబుల్ పోతే నాకు వేరే బతుకుతెరువు లేదు.

కోపంతో గుర్వయ్య హోటల్‌కి పోయాను. నన్నూ మెహమూద్‌నూ వేరు చేసి పంచింది ఆయనే. ఈ కేబుల్ ఎనిమిదేళ్లు కలిసి నడిపాం. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలని కొట్టుకుని విడిపోయాం. అవును, అంతే. డబ్బాలు రెండు, చెరొకరి పేరు మీద తీసుకున్నవే. గుర్వయ్య పొలం పంచినట్టు చీట్లేసి ఊరునీ వైర్లనీ డబ్బాలనీ పంచాడు.

మెహమూద్ మీద ఫిర్యాదు చెప్పబోయాను. ఓరి లింగస్వామీ, వాడు దుకాణమే బంద్ జేస్తాండు, చానల్ వద్దని కంపెనీకి రాసిండు, నారాయణపేట పోయి బామ్మర్ది చీరల దుకాణంల కూసుంటడట, నీకు తెల్వదా అన్నాడు.

వద్దన్నవాడికి బొమ్మ వస్తోంది. కావాలన్నవాడికి పోయింది.

8-11, ఆదివారం
నిర్మల డబ్బాను బోర్లేసి, నంబరు పాత రసీదుతో పోల్చింది. అది మెహమూద్ పేరు మీదిది. చీట్లలో డబ్బాలు తారుమారయ్యాయి. కంపెనీ దగ్గర మాత్రం పాత పేర్లే ఉన్నాయి. వాడు వద్దంటే నా బొమ్మ పోయింది. నాకు పంపిన మెసేజ్‌లన్నీ వాడింట్లో ఉన్న డబ్బా మింగి కూర్చుంది. పాపిష్ఠి నోరు, బజారంతా వాణ్ని తిట్టానే!

డబ్బా చంకన పెట్టుకుని హైవే దాటాను. మెహమూద్ భార్య హసీనా తలుపు తీసింది. ఇల్లంతా కట్టిపెట్టిన మూటలు. వాటి మధ్య డెకోడర్ ఒక్కటే వెలుగుతోంది.

నాది బంద్ గావాలె, గాలే, నీది అయిందని విన్న, డబ్బాలు మారినయని గప్పుడే సమజైంది, నువ్వొస్తవని ఆపకుంట పెట్టిన అన్నాడు మెహమూద్. వచ్చి చెప్పొచ్చు కదరా అన్నాను. బజార్ల గన్ని తిట్లు తిడ్తుంటె ఎట్లొస్తరా అన్నాడు. దుకాణం ఎందుకు మూస్తున్నావన్నాను. నువ్వు లేక గీ ధందాల మజా లేదు లింగం అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. హసీనా ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది.

వెలుగుతున్న ఆ డబ్బా నుంచే నా వైపుకీ వైరు లాగాం. క్రికెట్ హైవేకి రెండు పక్కలా వచ్చింది.

11-11
మెహమూద్ ఇంట్లో మూటలు విప్పేశారు. ఇద్దరి కేబుల్ మళ్లీ ఒకటైంది. పెయింటర్‌ని పిలిచి బోర్డు మీద మెహమూద్ పేరే ముందు రాయమన్నాను. లింగం పేరే ముందు రాయమని వాడు అప్పటికే చెప్పి పోయాడట. పెయింటర్ పొద్దుట్నుంచి నిచ్చెన మీదే ఉన్నాడు.