ఎడమ నట్టు

అమ్మా,

నేను కులాసాగా ఉన్నాను. పాత ఫోర్‌వీల్ ట్రక్కు కొన్నానని అన్నయ్య చెప్పగానే "ఆ తుప్పు కుప్ప దానికెందుకురా" అని కంగారుపడ్డావట. అది ఇంకా రోడ్డెక్కలేదు. సెలవు రోజుల్లో ఒక్కొక్కటీ నేనే బాగుచేసుకుంటున్నాను. బ్రేకులు కుదిరాకే నడుపుతాను.

నిన్న చక్రాలు విప్పాను. కుడివైపువి మాట విన్నాయి. ఎడమవైపు నట్టు మాత్రం కదల్లేదు. రెంచి మీదెక్కి తొక్కితే బోల్టు పుటుక్కున విరిగింది. బండి అమ్మిన పక్కింటి తాతగారు పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో తల్లీ, ఈ పాత బళ్లకి ఎడమవైపు మరలు తిరగేసి ఉంటాయి. నువ్వు విప్పుతున్నాననుకుని బిగించావు."

"అలా ఎందుకు పెట్టారు?"

"బండి నడిచేకొద్దీ బిగుసుకోవాలని. లేకపోతే దారిలో చక్రం ఊడిపోదూ!"

నేను విరిగిన బోల్టు చేతిలోకి తీసుకున్నాను. నాన్న లారీ తోలినన్నాళ్లూ నన్ను "ఎడమ నట్టూ" అనేగా పిలిచాడు! పెడసరపుదాన్నని వెక్కిరిస్తున్నాడనుకుని ఎన్నిసార్లు కంచం ముందు నుంచి లేచిపోయానో నీకు తెలుసు. ఇప్పుడు అడుగుదామంటే నాన్న లేడు. ఆ పేరు ఎందుకు పెట్టాడో నీకెప్పుడైనా చెప్పాడా?

అటక మీదున్న నాన్న రెంచికి నూనె రాసి, అన్నయ్య వచ్చేటప్పుడు పంపించు. మోకాలి మాత్రలు మానకు. వదినని అడిగానని చెప్పు.

నా గురించి భయపడకు. నేను ఊడిపోను.

ఇట్లు,
నీ ఎడమ నట్టు