నీ మోపెడ్ గీసిన గీతలు

బాపూ,

మన పొద్దుటి పరుగుల గుర్తులను నా పరిశోధన రికార్డుల్లోంచి తీసేయమన్నారు. అందుకే ఇవాళ రాస్తున్నాను. దీన్నీ నేనే చదివిపెడతాను; నువ్వున్నప్పుడు కూడా నీకొచ్చిన ఉత్తరాలన్నీ నేనే చదివిపెట్టేదాన్ని కదా.

కల్వకుర్తి అవతల, చేల మధ్య మా ఏంటెన్నా నక్షత్రాల రేడియో తరంగాలను పట్టేది. మారథాన్ కోసం రోజూ అక్కడిదాకా పరుగెత్తేదాన్ని. నువ్వు నీళ్ల సీసాతో మోపెడ్ మీద వెనకే వచ్చేవాడివి. ఇంజన్ నిప్పురవ్వ నుంచి పుట్టే తరంగాలు కూడా మా రికార్డులో గీతలుగా పడతాయని, దూరంగా ఆపమని బతిమాలేదాన్ని.

"గంత దూరమున్న చుక్కల ముచ్చట వింటవు, నా బండికే ఫికర్ జేస్తవేంది బిడ్డా?" అంటూ గేటు దాకా వచ్చేవాడివి.

నువ్వు పోయి నేటికి ఏడాది. పరుగు మానలేదు గానీ, కాళ్లు తొందరగా అలసిపోతున్నాయి.

నిన్న మా గైడ్ మేడం కంప్యూటర్‌లో వరుసగా గీతలు చూపించి, "ఇవన్నీ ఎవరిదో బండి గీతలమ్మా. శుక్రవారంలోగా తీసెయ్యకుంటే నీ థీసిస్ ముందటికి పోదు" అన్నారు. ఆ పొద్దుల తేదీలన్నీ వరుసగా రాసుకున్నాను.

ఆ గీతల కాపీ ఒకటి నా దగ్గర ఉంటుంది. కానీ నువ్వు వచ్చిన ప్రతి పొద్దు పక్కన 'పనికిరానిది' అని నా చేత్తోనే రాయాలి. మూడింటికి రాశాను. నాలుగోదానికి చేయి రావడం లేదు.

రాయమంటావా, వద్దంటావా? శుక్రవారంలోగా చెప్పు బాపూ.