గీత పడని బల్ల

ఎదుగుతున్న దేశాల కూటమి కార్యదర్శి గారికి, మీ సమావేశ భవనం వడ్రంగి నమస్కరించి రాసుకుంటున్నది.

మరో రెండు దేశాలు చేరుతున్నాయి, బల్ల పెంచమని కబురు పంపారు. అయ్యా, ఐదు దేశాల కోసం గుండ్రంగా చేసిన బల్ల అది. దేశాలు తొమ్మిదయ్యేసరికి కోడిగుడ్డులా సాగింది. ఇంకా సాగదీస్తే ఈ చివరివాళ్లకి ఆ చివరివాళ్ల మొహాలు కనబడవు. ఆ మాటే మీ గుమస్తాతో అంటే, "ఫొటోలో నిండుగా ఉంటుందిలే మేస్త్రీ" అన్నాడు.

ఐదుగురే ఉన్నప్పుడు బల్ల గుద్ది వాదించుకునేవారు. పెద్ద దేశాల షరతులకి తలొగ్గాలా వద్దా అని ఒకసారి అంచే విరగ్గొట్టారు. తిట్టుకుంటూనే అతికించాను. ఇప్పుడు నాలుగేళ్లుగా దానిమీద గీత కూడా పడలేదు. నేను బాగుచేసేవన్నీ కాళ్లు వదులైన వరండా బెంచీలే. ఇద్దరిద్దరుగా అక్కడ కూర్చుని ఎవరి బేరాలు వాళ్లు చూసుకుంటున్నారు. లోపల మాత్రం పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మీ కొలువు చేస్తున్నవాణ్ణి, పెంచమంటే పెంచుతాను. కానీ ఈసారి సమావేశంలో ఒక్కరైనా ఆ బల్ల గుద్దేలా చూడండి. విరిగితే నేనున్నాను.