దించని బరువు

జనవరి 3

నా కొడుకు దెమ్యాన్ మళ్ళీ యుద్ధంలోకి, ఫ్రంట్‌కి వెళ్ళాడు. ఏప్రిల్‌లో వాడి చెల్లెలు ఉల్యానాకి ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు. దానికి బరువెత్తడం నేర్పింది వాడే. బాంబులకి జిమ్ సగం కూలింది. బేస్‌మెంట్‌లో ప్రాక్టీసు. ఈ ఏడు మన టీంలో సగం మంది పరాయి దేశాల్లో ఉన్నారట, సగం మంది కందకాల్లో ఉన్నారట. కోచ్ లెవ్కో అన్నాడు.

మార్చి 9

వాడు పొద్దున పోయాడట. ఫోన్ వచ్చింది. నేను నమ్మను.

మార్చి 13

పాతిపెట్టాం. మొహం చూశాను. వాడే.

మార్చి 26

ఉల్యానా పోటీకి వెళ్ళనంటోంది. మన మీదకి యుద్ధానికొచ్చిన ఆ దేశపు పిల్ల కూడా, వాళ్ళ జెండాకి అనుమతి లేదు కాబట్టి, జెండా లేకుండా తెల్ల డ్రస్సులో వస్తోందట. దాని పక్కన నేను నిలబడాలా అమ్మా అంది. నిలబడు, సిగ్గుపడాల్సింది అది అన్నాను. పోటీ పదిహేడున. వాడి నలభయ్యో రోజు భోజనాలు ఇరవై ఒకటిన. ఇరవైకల్లా ఇంటికొచ్చేస్తుంది.

ఏప్రిల్ 12

తప్పు లెక్కేశాను. పక్కింటి పరాస్కా అత్త వచ్చి తలకొట్టుకుంది. పాతిన రోజు నుంచి కాదే పిచ్చిదానా, పోయిన రోజు నుంచి, ఆ రోజుతో కలిపి. నలభయ్యో రోజు పదిహేడునే అంది. చూసేదాకా వాడు నాకు పోలేదు, అందుకే అలా లెక్కేశాను.

అన్న ఆత్మ ఇల్లు విడిచే రోజున చెల్లెలు టీవీలో తొడలు చూపిస్తూ గెంతుతుందా, ఊరు ఉమ్మేస్తుంది అంది అత్త. ఉల్యానా విన్నది. బ్యాగులోంచి బూట్లు, బెల్టు తీసి బయట పెట్టింది. నేను లోపల పెట్టాను. మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టాను. జిప్పు వేసి బ్యాగు మీద కూర్చున్నాను.

వాణ్ణి సాగనంపడానికి నేనున్నాను, ఆ బరువెత్తడానికి నువ్వు కాక ఎవరున్నారే అన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఏప్రిల్ 13

బస్సెక్కింది.

ఏప్రిల్ 17

భోజనాలు పెట్టాను. బోర్ష్ సూప్, తేనె కలిపిన గోధుమలు. చావు భోజనం కదా, ఫోర్కులు పెట్టలేదు, చెంచాలే. ఫొటో పక్కన ఫోన్ నిలబెట్టి పోటీ పెట్టాను. ఇద్దరు ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. పోనీ.

మొదటిసారి ఉల్యానా బరువు జారవిడిచింది. రెండోసారీ అంతే. ఇక ఒక్క ఛాన్సే ఉంది. సరిగ్గా అప్పుడే బాంబు దాడి సైరన్. కరెంటు పోయింది, ఇంటర్నెట్ పోయింది. బేస్‌మెంట్‌లోకి ఎవరూ కదల్లేదు.

ఊరు ఉమ్మేస్తుందన్న పరాస్కా అత్తే స్టూలెక్కింది. ఒక చేతిలో చెంచా, ఒక చేతిలో ఫోన్. కిటికీలో సిగ్నల్ వెతుకుతూ ఒకటే కేకలు. ఎత్తవే మొద్దూ, ఎత్తు, ఇంతమందిమి తిండి మానుకుని కూర్చున్నాం అని. ఫోన్‌లో చక్రం గుండ్రంగా తిరుగుతోంది, అంతే.

అదే రోజు, ఐదు గంటలు

ఉల్యానా ఫోన్ చేసింది. ఎత్తిందట! ఆరో స్థానం. తెల్ల డ్రస్సు పిల్లకి మూడోదట. ఉండనీ.

దించమని జడ్జీలు బెల్ కొట్టినా దించలేదట. తలపైన అలాగే పట్టుకుని నిలబడిందట. లెవ్కో దించు దించు అని అరిచాడట. హాల్లో జనం లేచి నిలబడ్డారట. ఎందుకే అన్నాను. దించబుద్ధి కాలేదమ్మా అంది.

ఏప్రిల్ 18

నడుం పట్టేసి మంచం దిగలేకపోతోందట. గాడిదా, బెల్ కొట్టాక దించాలని తెలీదా అని ఫోన్‌లో వీధంతా వినబడేలా తిట్టాను. దెమ్యాన్ పోయాక నా గొంతు ఇంత పెద్దగా లేవడం ఇదే మొదటిసారి.