మూడో కన్నం

మామయ్యగారికి నమస్కారాలు.

రిటైరయ్యాక కూడా మీరు వడ్రంగం వదల్లేదని మీ అమ్మాయి చెప్పింది. నాకు రెండు స్పీకర్ పెట్టెలు కావాలి. డ్రాయింగు జతచేశాను. ప్లైవుడ్ మందంగా ఉండాలి, ఎక్కడా గాలి చొరబడకూడదు. వచ్చే నెల మా క్లబ్బులో ఎవరి స్పీకర్లు బాగా మోగుతాయో పోటీ ఉంది. ఖరీదైన కంపెనీ స్పీకర్లున్న ఇంజినీరుగారు మూడేళ్లుగా గెలుస్తూ, నన్ను చూసి జాలిపడుతున్నారు. ఈసారీ ఓడితే స్పీకర్లు అటకెక్కించి, హాల్లో ఆ చోటు కుట్టుమిషనుకు ఇచ్చేస్తానని మీ అమ్మాయికి మాటిచ్చాను.

మీ అల్లుడు

తా.క. కన్నాలకు సున్నాలు చేత్తో గీశాను, సర్దుకోండి.

---

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

పెట్టెలు లారీలో పంపాను. కీళ్లలో కాగితం ముక్క కూడా దూరదు. నలభై ఏళ్లుగా గీసిన చోట కోయడమే నా పని, ఎందుకు గీశారని ఎవర్నీ అడగలేదు.

మీ మామయ్య

తా.క. అడుగున గోధుమరంగులో గీసిన మూడో కన్నం దేనికో అర్థం కాలేదు. రంగు మార్చి మరీ గీశావంటే ముఖ్యమైనదే అనుకుని, అంచు నున్నగా తీశాను.

---

మామయ్యగారికి,

మూడో కన్నమేమిటి? నేను గీసినవి రెండే, పెద్ద స్పీకరుకొకటి, చిన్నదానికొకటి. గాలి చొరబడకూడదంటే కిటికీ పెట్టి పంపారు. పాట వేస్తే అందులోంచి నా కాళ్లకు గాలి తగులుతోంది. పోటీ పది రోజుల్లో ఉంది. నా కొంప ముంచారు.

మీ అల్లుడు

తా.క. మీ అమ్మాయి టేపు పట్టుకుని హాలు కొలుస్తోంది.

---

చిరంజీవి అల్లుడికి,

నీ బాధ అర్థమైంది. అడుగున ఎడమ పక్కన ఒక్క కన్నమే ఉంటే బోసిగానే ఉంటుంది. కుడి పక్కన జతగా ఇంకోటి కోస్తే చూడముచ్చటగా ఉంటుంది. ఒక్క కార్డు రాయి, రంపంతో బస్సెక్కుతాను. నా తప్పేమీ లేదు, నీ డ్రాయింగు నువ్వే చూసుకో, తిప్పి పంపుతున్నాను.

మీ మామయ్య

తా.క. నీ ఉత్తరంలో పెద్దా చిన్నా లేదు. పోటీ కంగారు కదా అని ఊరుకున్నాను.

---

మామయ్యగారి పాదాలకు నమస్కారాలు.

గెలిచాం.

డ్రాయింగు మీద ఆ గోధుమరంగు సున్నా టీ గ్లాసు మరక. అది చూసి నేను తల పట్టుకు కూర్చుంటే, మీ అమ్మాయి నీళ్ల గొట్టం ముక్కలు తెచ్చి ఆ కన్నాల్లో దూర్చింది. కొలిచి చేసినట్టు పట్టాయి. నేను పాట వేయడం, ఇద్దరం వినడం, తను గొట్టం కాస్త కోయడం, మళ్లీ వినడం. నాలుగోసారి కోశాక డ్రమ్ము మోత గుండెల్లో దిగింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. పోటీలో ఇంజినీరుగారు మోకాళ్ల మీద కూర్చుని, కన్నంలోకి టార్చి వేసి, ఈ కొలత ఎలా లెక్క కట్టారని అడిగారు. మా మామయ్యగారి లెక్క అన్నాను. షీల్డు మనదే. నోరు జారినందుకు క్షమించండి.

మీ అల్లుడు

తా.క. ఒక్కటే అంతుపట్టడం లేదు. నేను కాఫీ తప్ప టీ తాగను.

---

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

చాలా సంతోషం. అది మరకని నాకెలా తెలుస్తుంది? నువ్వు గీసిన రెండూ గుడ్ల మాదిరి ఉంటే నేనే సరిచేసి కోశాను. మూడింట్లో గుండ్రంగా కుదిరింది అదొక్కటే.

గ్లాసు పెట్టింది మా అమ్మాయి. నీకు చెప్పొద్దని రాసిన ఉత్తరం నిన్ననే అందింది. కన్నం దానిది, గొట్టం దానిది, కోత దానిది. షీల్డు ఎవరిదో నువ్వే ఆలోచించుకో. గెలిచినా సరే, కుట్టుమిషనుకు హాల్లో చోటివ్వు.

మీ మామయ్య

తా.క. రెండు స్పీకర్ల మధ్య సరిగ్గా పడుతుందట. మా అమ్మాయి టేపు పట్టుకున్న ఆ రోజే కొలిచింది.